గర్భాశయ, అండాశయ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వదలని నొప్పి: ఏ నొప్పికి ఏ చికిత్సను ఎంచుకోవాలి

మునుగోడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, అండాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగిన పద్నాలుగు నెలలకు, నా ఎదుట బల్ల మీద కూర్చొని మొట్టమొదట చెప్పిన మాట “లంగ బొందు కట్టుకోవస్తలేదు బిడ్డా” అన్నది. పొత్తికడుపు మీద నిలువుగా దిగిన కుట్టుకు ఎడమ పక్కన, రూపాయి బిళ్ళంత చోట, మెత్తని నూలు బట్ట ఆనినా నిప్పు సెగ తగిలినట్టు ఉంటుందని ఆమె చెప్పింది. ఆ పద్నాలుగు నెలల్లో ఊళ్ళోని ఆర్‌ఎంపీ వేసిన నొప్పి సూదులకు లెక్క లేదు. పట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడు రకాల మాత్రలు రాసి ఇచ్చింది. చుట్టాలేమో, పెద్ద రోగం నుంచి ప్రాణం దక్కింది కదా, ఈ మాత్రం ఓర్చుకోవాలి అని నచ్చజెప్పారు. ఇన్నాళ్ళలో ఆ చోటును వేలితో తాకి చూసినవారు మాత్రం ఒక్కరూ లేరు.

నేను నల్లగొండలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇటువంటి స్త్రీలు చికిత్స దొరకక బాధపడటం కంటే, తమది కాని నొప్పికి చికిత్స పొందుతూ బాధపడటమే నేను ఎక్కువగా చూశాను. ఆపరేషన్ తర్వాతి నొప్పికి ఏ మాత్ర బలమైనది అని అడిగితే సరైన సమాధానం దొరకదు, ఎందుకంటే ఆ నొప్పి ఒక్కటి కాదు. కోసిన చోట చిక్కుకున్న నరం, బిగుసుకుపోయిన కండరం, నీరు చేరిన కాలు, రేడియేషన్‌తో గట్టిపడిన లోపలి భాగం, కీమోథెరపీతో దెబ్బతిన్న పాదాల నరాలు వేర్వేరు బాధలు. ఒకదానికి పనికొచ్చే మందు మరొకదానికి పనికిరాకపోవడమే కాదు, కొన్నిసార్లు హాని కూడా చేస్తుంది.

ఆపరేషన్ జరిగిన తర్వాత మూడు నెలలు దాటినా కొనసాగే నొప్పిని, ఇన్ఫెక్షన్ గానీ తిరగబెట్టిన క్యాన్సర్ గానీ దానికి కారణం కాదని తేలినప్పుడు, వైద్యులు ఆపరేషన్ అనంతర దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన తాజా వ్యాధుల వర్గీకరణలో దీనికి విడిగా స్థానం ఇచ్చింది. క్యాన్సర్ కాని కారణాలకు చేసిన గర్భసంచి ఆపరేషన్లను పరిశీలించిన అధ్యయనాల్లోనే 5 నుంచి 32 శాతం మంది స్త్రీలకు ఇటువంటి నొప్పి మిగిలినట్టు తేలింది. క్యాన్సర్ ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు దాని చుట్టూ ఉన్న కణజాలాన్ని, కటి (తుంటి ఎముకల మధ్య ఉండే) భాగంలోని లింఫు గ్రంథులను కూడా తీయవలసి వస్తుంది, చాలామందికి ఆ తర్వాత రేడియేషన్ ఉంటుంది. కాబట్టి నొప్పి మిగిలిందని చెప్పే స్త్రీ అతి చేస్తున్నదని ఎవరూ అనుకోకూడదు.

చికిత్స ఎంచుకునే ముందు తేల్చుకోవలసినది

మొదట తేలవలసిన విషయం క్యాన్సర్ మళ్ళీ వచ్చిందా అన్నది. దీన్ని పక్కన పెట్టి నొప్పి మాత్రలు మార్చుకుంటూ పోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన ఎంపిక. కొన్ని నెలలు బాగున్న తర్వాత కొత్తగా మొదలైన నొప్పి, వారం వారం పెరుగుతున్న నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గక నిద్ర లేపే నొప్పి, దానితో పాటు బరువు తగ్గడం, యోని నుంచి రక్తం లేదా వాసనతో కూడిన స్రావం, కడుపు ఉబ్బరం కనిపిస్తే తర్వాతి చెకప్ తేదీ కోసం ఆగకుండా ఆపరేషన్ చేసిన క్యాన్సర్ వైద్యుల దగ్గరికే ముందు వెళ్ళాలి. ముఖ్యంగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చికిత్స పొందినవారిలో ఒకవైపు కాలు వాపు, అదే వైపు పిరుదు నుంచి తొడ వెనక భాగానికి దిగే నొప్పి, ఆ వైపు కిడ్నీ నుంచి మూత్రం దిగడానికి అడ్డంకి అనే మూడూ కలిసి ఉంటే, కటి గోడ దగ్గర వ్యాధి తిరగబెట్టిందేమోనని వైద్యులు వెంటనే అనుమానిస్తారు. ఒక సీటీ స్కాన్ లేదా ఎంఆర్ఐ తీయించడానికి ఇక్కడ వెనకాడకూడదు.

మన ప్రాంతానికి సంబంధించి రెండు పొరపాట్లను ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు, కీళ్ళు పట్టేసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చినా, అంతకుముందు దశాబ్దాల పాటు ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అంత సులువుగా పోదు. అందువల్ల నడుము నొప్పి అనగానే ఇంట్లోవారూ ఊళ్ళోని వైద్యుడూ “ఫ్లోరైడ్ నొప్పులే” అని తేల్చేస్తారు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే బాధ ఏళ్ళ తరబడి నెమ్మదిగా ముదురుతుంది, వెన్ను, మెడ, కీళ్ళు బిగుసుకుపోతాయి. ఆపరేషన్ తర్వాత కొత్తగా ఒక్క చోట మొదలైన నొప్పి, రేడియేషన్ పొందిన తర్వాత నిలబడితే, నడిస్తే నడుము అడుగున ఉండే త్రికం ఎముక దగ్గర హఠాత్తుగా వచ్చే నొప్పి దానికి చెందినవి కావు. రేడియేషన్ వల్ల బలహీనపడిన కటి ఎముకల్లో పెద్ద దెబ్బ తగలకుండానే సన్నని పగుళ్ళు రావచ్చు. అవి ఎక్స్‌రేలో తప్పిపోయి ఎంఆర్ఐలో కనబడతాయి.

రెండవ పొరపాటు కాలు వాపును బోదకాలు అనుకోవడం. గజ్జల్లో లేదా కటి లోపల లింఫు గ్రంథులు తీసిన తర్వాత వచ్చే వాపు లింఫెడీమా. అది దోమకాటుతో వచ్చే ఫైలేరియా కాదు, దాని మాత్రలతో తగ్గేది కూడా కాదు. అయితే ఒక కాలు ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే అది రక్తనాళంలో గడ్డ కట్టడం కావచ్చు. రక్తం పారే తీరును చూసే డాప్లర్ పరీక్ష చేయించకుండా ఆ కాలును ఎవరూ మర్దన చేయకూడదు. అప్పుడు ఊపిరి కూడా అందకపోతే నేరుగా ఎమర్జెన్సీకే తీసుకుపోవాలి.

ఇది ఏ నొప్పి?

నొప్పి ఎక్కడ ఉందో చూపించమని అడిగినప్పుడు కొందరు ఒక్క వేలితో ఒక చోటును పొడిచి చూపిస్తారు, మరికొందరు అరచేతిని పొత్తికడుపంతా తిప్పుతారు. నాకు ఈ ఒక్క సైగే సగం దారి చూపిస్తుంది. వేలితో చూపించే నొప్పి, మంటగా, కరెంటు కొట్టినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటే, పక్కనే తిమ్మిరెక్కిన చర్మం కూడా ఉంటే, అది నరం నొప్పి. ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, నొప్పి ఉన్న చోట వేలు ఆనించి, తలను, భుజాలను కొంచెం పైకి ఎత్తమని వైద్యులు అడుగుతారు. పొట్ట కండరం బిగిసినప్పుడు నొప్పి ఎక్కువైతే అది పొట్ట గోడలో పుట్టిన నొప్పి, తగ్గితే లోపలి అవయవాల నుంచి వచ్చే నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయించుకోకుండానే వేల రూపాయల స్కాన్లు తీయించుకున్న స్త్రీలను చూసినప్పుడు నాకు చాలా బాధ కలుగుతుంది.

పొత్తికడుపుకు అడ్డంగా కోత పెట్టినవారిలో గజ్జ వైపు దిగే నరాలు కుట్టులో చిక్కుకోవచ్చు, లేదా మచ్చలో బిగుసుకోవచ్చు. లింఫు గ్రంథులు తీసేటప్పుడు దెబ్బతిన్న నరాన్ని బట్టి తొడ లోపలి వైపు తిమ్మిరి, కాళ్ళను దగ్గరికి చేర్చడంలో బలహీనత, లేదా యోని పెదవి దగ్గర మంట వస్తుంది. తొడ ముందు భాగం మొద్దుబారి మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు మడతపడిపోతే అది వేరే నరం, దానికి వ్యాయామం కూడా వేరు. రెండు పాదాల్లో మేజోళ్ళు తొడుక్కున్నట్టు మంట, తిమ్మిరి ఉంటే అది ఆపరేషన్‌కు సంబంధించినది కాదు, పాక్లిటాక్సెల్, సిస్ప్లాటిన్ వంటి కీమో మందుల వల్ల వచ్చినది అయ్యే అవకాశం ఎక్కువ.

అరచేతితో చూపించే నొప్పి బరువుగా, లాగినట్టు, పిండినట్టు ఉంటుంది. ఎక్కువసేపు కూర్చున్నా, భర్తతో కలిసినా, మలవిసర్జనకు ముక్కినా పెరిగితే కటి అడుగున ఉండే కండరాలు బిగుసుకుపోయాయని అనుమానించాలి. ఈ విషయాన్ని స్త్రీలు కొడుకు ముందు చెప్పరు, కోడలి ముందు అసలే చెప్పరు. అందుకే నేను వెంట వచ్చినవారిని కొద్దిసేపు బయట కూర్చోమని అడుగుతాను.

మందుల మధ్య ఎంపిక

పారాసెటమాల్ చిన్న మందుగా కనిపిస్తుంది గానీ, కండరాల నొప్పికీ కుట్టు లాగుడుకూ మొదట వాడవలసింది అదే. పెద్దవారు రోజుకు మొత్తం 4 గ్రాములు దాటకూడదు. 50 కిలోల కంటే తక్కువ బరువున్నవారికీ కాలేయ జబ్బు ఉన్నవారికీ ఆ హద్దు ఇంకా తక్కువ. చికిత్స తర్వాత 40 కిలోలకు దిగిపోయిన స్త్రీలు మన దగ్గర అరుదు కాదు కాబట్టి బరువు తూచకుండా మోతాదు నిర్ణయించుకోకూడదు. నరం నొప్పి మీద మాత్రం ఇది పెద్దగా పనిచేయదు.

డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, సూదులు మన ఊళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా వాడుతున్నవి, ఈ స్త్రీలకు అన్నిటికంటే తక్కువగా సరిపడేవి. సిస్ప్లాటిన్ వాడినవారి కిడ్నీలు ముందే కొంత దెబ్బతిని ఉండవచ్చు. రేడియేషన్ వల్ల గానీ వ్యాధి వల్ల గానీ మూత్రనాళం బిగుసుకుపోతే కిడ్నీ మీద ఇంకా భారం పడుతుంది. ఎండలో పత్తి ఏరి, నీళ్ళు సరిగా తాగక, సాయంత్రం వచ్చి సూది వేయించుకుంటే ఆ భారం రెట్టింపవుతుంది. అవసరమైతే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చూసుకొని, కొద్ది రోజులకు మాత్రమే, అన్నం తిన్న తర్వాత వాడాలి. ప్రతి వారం సూది అనే అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

నరం నొప్పికి వాడే మందులు మూడు దారుల్లో వస్తాయి, వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడంలోనే అసలైన తేడా ఉంది. గబాపెంటిన్, ప్రిగాబాలిన్ ఒక జాతివి. గబాపెంటిన్‌ను సాధారణంగా రాత్రి 100 లేదా 300 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. కిడ్నీ బలహీనంగా ఉంటే మోతాదు తగ్గిస్తారు. మత్తు, తల తిరగడం మొదట్లో ఉంటాయి కాబట్టి తెల్లవారుజామున లేచి పొలం గట్ల మీద నడిచేవారు పడిపోకుండా చూసుకోవాలి. చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. ఈ రెండు మందులూ కాళ్ళలో వాపు తెస్తాయి. లింఫెడీమా ఉన్న స్త్రీకి ప్రిగాబాలిన్ మొదలుపెట్టిన తర్వాత కాలు ఇంకా లావైతే, జబ్బు ముదిరిందని భయపడే ముందు మాత్ర వల్ల కాదు కదా అని అడగాలి. ఇష్టం వచ్చినట్టు ఒక్కసారిగా మానకుండా, వైద్యులు చెప్పినట్టు తగ్గించుకుంటూ ఆపాలి.

అమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్ రెండవ జాతివి. 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాత్రి పూట ఒక్కటి, చౌకైనది, నిద్ర కూడా పట్టిస్తుంది. నిద్రలేమితో అలసిపోయిన స్త్రీకి, మూత్రం ధారాళంగా వస్తుంటే, గుండె జబ్బు లేకుంటే, నేను చూసినంతలో ఇది మంచి మొదటి అడుగు. కానీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చుట్టుపక్కల కణజాలంతో సహా తీసే పెద్ద ఆపరేషన్‌లో మూత్రాశయానికి వెళ్ళే నరాలు దెబ్బతింటాయి, దానితో చాలామందికి మూత్రం పూర్తిగా దిగదు. అమిట్రిప్టిలిన్ ఆ ఇబ్బందిని పెంచుతుంది, మలబద్ధకాన్ని కూడా తెస్తుంది. నోరు ఎండిపోవడం చిన్న విషయమే అనిపించినా, మూత్రం ఆగిపోవడం చిన్న విషయం కాదు. మందుల దుకాణంలో గబాపెంటిన్, నార్‌ట్రిప్టిలిన్ కలిపిన మాత్ర ఒకటి దొరుకుతుంది. గబాపెంటినే రాశారనుకొని దాన్ని వాడుతున్నవారు అట్ట వెనక ఉన్న పేర్లను ఎవరితోనైనా చదివించుకోవాలి. ప్రిగాబాలిన్, మిథైల్‌కోబాలమిన్ (బి12 విటమిన్‌లో ఒక రకం) కలిపిన మాత్ర కూడా చాలా వాడకంలో ఉంది. బి12 లోపం లేనివారిలో ఆ రెండవ భాగం నొప్పి తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. వాడితే పెద్ద హాని లేదు గానీ డబ్బు దండగ.

మూడవది డ్యులాక్సిటిన్. పాదాల మంట కీమో వల్ల వచ్చినదైతే నా ఓటు దీనికే, ఎందుకంటే అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2014లో, మళ్ళీ 2020లో ఈ నొప్పికి సిఫారసు చేసిన మందు ఇదొక్కటే. సాధారణంగా 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 60కి పెంచుతారు. మొదటి వారం వికారం ఉంటుంది కాబట్టి అన్నం తిన్నాక వేసుకోవాలి. రక్తపోటు, కాలేయ జబ్బు ఉన్నవారు ముందే చెప్పాలి. వ్యాధి తర్వాత దిగులుతో కుంగిపోయిన స్త్రీకి ఆ దిగులు మీద కూడా పనిచేయడం దీని అదనపు మేలు.

ట్రమడాల్‌ను పారాసెటమాల్‌తో కలిపి రాయడం మామూలైపోయింది. అది మత్తుమందుల జాతికి చెందినదే, 2018లో కేంద్ర ప్రభుత్వం దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చింది. కొద్ది రోజుల తీవ్రమైన నొప్పికి పనికొస్తుంది, నెలల తరబడి వాడితే అలవాటు పడుతుంది. డ్యులాక్సిటిన్ లేదా అమిట్రిప్టిలిన్‌తో కలిపితే ఒంటికి ప్రమాదం, మూర్ఛ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఈ కలయిక ఉన్న చీటీని చూస్తే మళ్ళీ ఒకసారి వైద్యుణ్ణి అడిగి రండి.

మార్ఫిన్ గురించి రెండు వైపులా భయం ఉంది. క్యాన్సర్ తిరగబెట్టి, ఎముకల్లో లేదా కటి గోడలో నొప్పి ఉన్న స్త్రీకి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మాత్ర అన్యాయంగా దూరం చేసుకోకూడని మందు. వైద్యుల పర్యవేక్షణలో నొప్పికి వాడితే అది మనిషిని పాడు చేయదు. మలబద్ధకానికి మందును దానితో పాటే మొదలుపెట్టాలి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దీన్ని సులువుగా ఇచ్చే వీలు కల్పించారు. క్యాన్సర్ పూర్తిగా పోయి, కుట్టు దగ్గర నరం నొప్పి మాత్రమే మిగిలిన స్త్రీకి మాత్రం మార్ఫిన్ మొదటి ఎంపిక కాదు, రెండవదీ కాదు.

సూదితో నరాన్ని నిద్రపుచ్చడం

వేలితో చూపించగలిగే పొట్ట గోడ నొప్పికి, మాత్రలు నెలల తరబడి మింగడం కంటే, ఆ చోటును మాత్రమే మొద్దుబార్చే మందును, కొద్దిగా స్టెరాయిడ్‌ను అల్ట్రాసౌండ్ చూస్తూ ఎక్కించడం నేను ముందు పెడతాను. కొన్ని నిమిషాల్లోనే నొప్పి తగ్గితే రోగ నిర్ధారణ కూడా జరిగిపోయినట్టే. కొందరికి ఒక్కసారితో నెలల పాటు ఉపశమనం ఉంటుంది, కొందరికి రెండు మూడు సార్లు కావాలి. షుగర్ ఉన్నవారికి స్టెరాయిడ్ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది కాబట్టి ఇంట్లో పరీక్షించుకోవాలి. ఇది ఊళ్ళో వేసే “నొప్పి సూది” కాదు. అది తుంట్లో వేస్తారు, ఒళ్ళంతా పాకుతుంది, నరం చిక్కును విప్పదు. ఇది నొప్పి చికిత్సలో శిక్షణ పొందిన మత్తు వైద్యులు చేసేది.

కటి లోపలి క్యాన్సర్ నొప్పి మాత్రలకు లొంగనప్పుడు, వెన్నెముక ముందు ఉండే నరాల గుంపుకు ఎక్స్‌రే సాయంతో మందు ఎక్కించే పద్ధతి 1990 నుంచి వాడుకలో ఉంది. ఇది తిరగబెట్టిన వ్యాధి ఉన్నవారికి. కుట్టు మంటకు దీన్ని ఎవరైనా సూచిస్తే కారణం అడగండి.

చేతులతో, వ్యాయామంతో చేసే చికిత్స

మచ్చ పూర్తిగా మానిన తర్వాత, వైద్యులు సరేనన్నాక, కొబ్బరినూనె రాసి దాని చుట్టూ చర్మాన్ని వేళ్ళతో మెల్లగా అటూ ఇటూ కదిలించడం వల్ల బిగువు తగ్గుతుంది. చర్మం పగిలి ఉన్నా, రేడియేషన్‌తో ఎర్రగా ఉన్నా చేయకూడదు. నొప్పి తగ్గడానికి వాతలు పెట్టించుకునే అలవాటు పాలమూరు పల్లెల్లో ఇంకా కనబడుతుంది. స్పర్శ తగ్గిన చర్మం మీద పెట్టే వాత పుండుగా మారి నెలలు మానదు కాబట్టి దాన్ని పూర్తిగా మానేయాలి.

కటి కండరాలకు వ్యాయామం అనగానే మూత్రం ఆపుకున్నట్టు బిగించమని చెప్తారు. మూత్రం కారిపోతున్నవారికి అది సరైనదే. బిగుసుకుపోయి నొప్పి పెడుతున్న కండరాలను ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. వారికి కావలసింది మోకాళ్ళు మడిచి పడుకొని, కడుపు నిండా ఊపిరి తీసుకుంటూ, ఆ కండరాలను వదులు చేయడం. ఈ రెంటిలో ఏది తమకు కావాలో ఫిజియోథెరపిస్టు పరీక్షించి చెప్పాలి, వీడియో చూసి నిర్ణయించుకోకూడదు. రేడియేషన్ తర్వాత యోని మార్గం ఇరుకై నొప్పి పెట్టేవారికి, పుండు మానిన తర్వాత వారానికి రెండు మూడు సార్లు డైలేటర్‌ను (ఆ మార్గాన్ని మెల్లగా వెడల్పు చేసే నున్నని గొట్టం) జెల్ రాసి వాడమని వైద్యులు చెబుతారు. భర్తతో కలవని వారికి కూడా ఇది అవసరమే, ఎందుకంటే లోపల చూసి పరీక్ష చేయడానికి ఆ మార్గం తెరుచుకొని ఉండాలి. ఈ మాటను నేను ప్రతి ఒక్కరికీ విడిగా కూర్చోబెట్టి చెబుతాను.

కాలు వాపుకు పట్టీలు చుట్టడం, ఆ తర్వాత కొలతకు కుట్టిన బిగుతు మేజోళ్ళు, వ్యాయామం, చర్మ సంరక్షణ కలిసి చికిత్స అవుతాయి. మూత్రం ఎక్కువగా పోయే నీటి మాత్రలు దీనికి పనిచేయవు. మన దగ్గర పెద్ద చిక్కు వరి నాట్లు. బురదలో చెప్పులు లేకుండా దిగిన వాచిన కాలికి ఒక చిన్న ముల్లు గుచ్చుకున్నా, ఎర్రబడి, చలిజ్వరంతో ఇన్ఫెక్షన్ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ వాపు ఇంకొంత పెరిగి మిగులుతుంది. నాట్ల కాలంలో నడుము వంచే పనికి బదులు నారు కట్టలు కట్టే పని అడిగి తీసుకోవడం, బురదలో దిగక తప్పనప్పుడు రబ్బరు బూట్లు తొడుక్కోవడం ఏ మాత్రతో పోల్చినా తక్కువ చికిత్స కాదు.

మళ్ళీ పొట్ట కోయడం

లోపల పేగులు అతుక్కున్నాయి, వాటిని విడదీస్తే నొప్పి పోతుంది అని మళ్ళీ ఆపరేషన్ సూచించేవారు ఉన్నారు. నెదర్లాండ్స్‌లో 100 మందిపై జరిపి 2003లో ప్రచురించిన పరీక్షలో, అతుకులు విడదీసినవారికీ, లోపల చూసి ఏమీ చేయకుండా మూసేసినవారికీ నొప్పి ఒకే రీతిగా తగ్గింది. కొత్త కోత కొత్త అతుకులను తెస్తుంది. వాంతులు, కడుపు ఉబ్బరం, మలం, గాలి ఆగిపోవడం ఉంటే అది పేగు మూసుకుపోవడం, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తక తప్పదు. అవి లేని నొప్పికి పొట్ట తిరిగి తెరిపించుకోవద్దని నా సలహా.

ఎక్కడ చూపించుకోవాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. దేవరకొండ తండాల నుంచి, అచ్చంపేట దాటిన ఊళ్ళ నుంచి వచ్చేవారికి ఒక రోజు పని పోతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం కాబట్టి బస్సు ఛార్జీ భారం తగ్గింది, కూలి మాత్రం పోతూనే ఉంది. అందుకే ప్రతిదానికీ పట్నం పోనక్కరలేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మాత్రలు సరిచూసుకోవడానికి, క్రియాటినిన్, అల్ట్రాసౌండ్, డాప్లర్ పరీక్షలకు, ఫిజియోథెరపీకి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రి మొదటి మెట్టుగా సరిపోతుంది. అక్కడ పాలియేటివ్ కేర్ గది ఎక్కడ ఉందో అడగండి. ఆ పేరు వినగానే చివరి దశ అనుకొని కుటుంబాలు వెనక్కి వెళ్ళిపోతుంటాయి. నొప్పి తగ్గించడమే దాని పని, వ్యాధి నయమైనవారిని కూడా చూస్తారు.

వ్యాధి తిరగబెట్టిన అనుమానం ఉన్నవారు, మార్ఫిన్ అవసరమైనవారు, నరాలకు సూది వేయించుకోవలసినవారు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిని, నిమ్స్‌ను, నల్లగొండ వైపువారు రైలు దారిలో ఉన్న బీబీనగర్ ఎయిమ్స్‌ను పరిశీలించవచ్చు. ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు గానీ, అది ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకొని చేసే చికిత్సలకు. నెల నెలా కొనుక్కునే మాత్రల ఖర్చును విడిగా లెక్క వేసుకోవాలి, జనరిక్ మందుల దుకాణంలో అదే మందు చాలా తక్కువకు దొరుకుతుంది.

ఎక్కడికి వెళ్ళినా డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ ఎన్ని రోజులు పెట్టారో రాసిన చీటీ, ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు ఒక సంచిలో పెట్టుకొని వెళ్ళండి. ఒక నోటు పుస్తకంలో రోజూ నొప్పిని 0 నుంచి 10 వరకు అంకెతో రాయించండి, చదువు రానివారికి మనవడో మనవరాలో రాస్తారు. నిద్ర ఎంతసేపు పట్టింది, ఆ రోజు ఏ పని చేయగలిగారు అన్నది కూడా పక్కన రాయాలి. నరం మందులు రెండు రోజుల్లో పనిచేయవు. సరిపడిన మోతాదుకు చేరిన తర్వాత కనీసం మూడు నాలుగు వారాలు చూసి, అంకె 8 నుంచి 5కు కూడా దిగకపోతే, మందు మార్చమని ఆ పుస్తకం చూపించి అడగాలి.

మునుగోడు పెద్దమ్మకు ఆ రూపాయి బిళ్ళంత చోట రెండు సార్లు సూది మందు ఎక్కించారు, రాత్రి మాత్ర ఒక్కటే ఉంచారు. మూడవసారి వచ్చినప్పుడు ఆమె కొత్త లంగా కట్టుకొని వచ్చింది, బొందును కొంచెం పక్కకు ముడివేసుకొని.